నాలుగు వాటాలూ, కాస్త తరుగూ

మొగుడు పేకాడితే పక్కింటావిడతో చెప్పుకోవచ్చు. కోపిష్ఠి అయితే పుట్టింట్లో చెప్పుకోవచ్చు. చేతికి దొరికినదల్లా సమానంగా పంచుతాడని ఎవరితో చెప్పుకోవాలో లక్ష్మీకుమారికి పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలోనూ తెలియలేదు. మహేశ్వరరావు అనకాపల్లిలో రేషను బియ్యం గిడ్డంగిలో గుమాస్తా. ఏ డిపోకి ఎన్ని బస్తాలు వెళ్ళాలో తేల్చి లారీ ఎక్కించడం ఆయన పని. ఆ పనిని సాయంత్రం గేటు దగ్గర వదిలి రావాలని ఎవరూ ఆయనకి చెప్పలేదు. ఇంట్లో పనసకాయ కోస్తే తొనలతో బాటు గింజలు కూడా పంచుతాడు. ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ పోస్తే, వంగి రెండు గ్లాసుల మట్టమూ కంటితో సరిచూసుకుని గాని తాగడు.

ఆ శనివారం పొద్దున ఆయన వేసుకున్న పథకం మాత్రం చాలా చిన్నది. నెల కిందట అమ్మాయి కుమారి పెళ్ళి చేశారు. ఫొటోగ్రాఫరు వీడియో మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసి, తన హార్డ్ డిస్కులో తెచ్చి, ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించి, డిస్కు తీసుకుని పాడేరు వైపు ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయాడు. ఆ వీడియోని నాలుగు పెన్ డ్రైవుల్లో వెయ్యాలి. ఒకటి ఇంట్లో ఉంటుంది. మిగతా మూడూ కోటవురట్లలో ఉన్న అక్క దుర్గాలక్ష్మికీ, నాతవరంలో పెద్ద తమ్ముడు పైడిరాజుకీ, రావికమతంలో చిన్న తమ్ముడు బాబ్జికీ తలో మాడుగుల హల్వా డబ్బాతో ఆదివారం ఇచ్చి రావాలి. మధ్యాహ్నం భోజనం వేళకి కంప్యూటర్ పని అయిపోతుందని మహేశ్వరరావు అంచనా.

ఈ వీడియో కోసం అందరికన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నవాళ్ళు ఇద్దరు: దుర్గాలక్ష్మి, లక్ష్మీకుమారి. ఆడపడుచుకి పెట్టే చీర మండపం మీద పదిమందిలో పెట్టకుండా భోజనాల దగ్గర చేతిలో కుక్కారని దుర్గాలక్ష్మి మాట. నిక్షేపంలా మండపం మీదే బొట్టు పెట్టి ఇచ్చానని లక్ష్మీకుమారి మాట. నెలరోజులుగా ఇద్దరూ ఈ విషయం ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో మగవాళ్ళకి భయం వేసింది ఆ మర్యాద చూసే. ఎందుకంటే మేడ మీద కొత్తగా వేసిన రెండు గదుల్లో వచ్చే గురువారం పాలు పొంగించాలి. పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు.

"వీడియో సూత్తాను మరదలా," అని దుర్గాలక్ష్మి ఫోనులో చెప్పేసింది. "తప్పు నాదయితే అందరి ముందూ ఒప్పుకుని పాలు పొంగిత్తాను. నీదయితే నువ్వు ఒప్పుకో, అప్పుడూ పొంగిత్తాను. తేలకండా మాత్రం మీ గడప తొక్కను."

"అలాగే వదినా," అంది లక్ష్మీకుమారి. ఆవిడకి తన మీద తనకి అంత నమ్మకం.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదటి చిక్కు వచ్చింది. వీడియో పద్నాలుగున్నర జీబీ ఉంది. మహేశ్వరరావు దగ్గర ఉన్న నాలుగు పెన్ డ్రైవులూ ఆఫీసు శిక్షణ తరగతుల్లో ఉచితంగా వచ్చినవి. ఒక్కోటీ నాలుగు జీబీ.

"పదహారు జీబీవి నాలుగు కొనేస్తే పోదా?" అంది లక్ష్మీకుమారి.

"ఇంట్లో నాలుగుండగా మళ్ళీ కొనడం ఏటి? కుదించీవచ్చట. దానికి సాఫ్ట్‌వేర్లు ఉంటాయట."

ఆయన ఆఫీసులో ముగ్గురికి ఫోన్ చేశాడు. ముగ్గురూ మూడు సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్పారు. ఒకరి మాట విని ఇంకొకరిది కాదనడం ధర్మం కాదు గనక మూడూ దించాడు. మొదటిది తెరిచిన ప్రతిసారీ నన్ను కొనుక్కోండి అని అడిగింది. మహేశ్వరరావు ప్రతిసారీ మొహమాటపడి, ‘తరవాత’ అన్న గడి నొక్కాడు. రెండోది ఉచితమే గాని, వస్తూ వస్తూ తనతో ముగ్గురు చుట్టాల్ని తీసుకొచ్చింది: వాతావరణం చెప్పేదొకటి, జాతకం చెప్పేదొకటి, కంప్యూటర్లో చెత్త ఊడుస్తాననేదొకటి. మూడోది పదో వంతుకి కుదిస్తానని మాట ఇచ్చింది, కుదించలేదు. పైగా తెర మీద ఉన్న బొమ్మలన్నింటికీ తన ముద్ర వేసుకుంది. లక్ష్మీకుమారి ఆవకాయ కొలతలు రాసుకున్న ఫైలు తెరవబోతే, ‘దీన్ని విప్పమంటారా, ఇంకా బిగించమంటారా’ అని అడిగింది. ఆవిడ రెండూ వద్దని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పదకొండున్నరకి మహేశ్వరరావు మొహం వాడిపోయి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మూడింటితోనూ కుదించేను. పద్నాలుగున్నర కాస్తా పద్నాలుగు చిల్లర దగ్గర ఆగిపోనాది. గోనె ఎత్తి రెండుసార్లు కుదిపితే బియ్యం నాలుగు వేళ్ళు దిగుతాయి కదా. ఇది దిగదేం?"

"వీడియో ముందే కుదిపి ఇచ్చేస్తారండీ. ఇంక దిగడానికేం ఉండదు," అంది లక్ష్మీకుమారి బెండకాయలు తరుగుతూ. ఆవిడ బీయస్సీ చదివింది. ఆ చదువు ఇంట్లో ఇలాంటప్పుడే బయటికి వస్తుంది, వచ్చినా ఎవరూ పట్టించుకోరు.

ఆవిడ ఆ మాట అనేసి, మేడ మీద సున్నం వేస్తున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కిందికి వచ్చేసరికి మహేశ్వరరావు భోజనానికి కాళ్ళు కడుక్కుని కూర్చుని ఉన్నాడు, మొహం తేటగా ఉంది.

"పని అయిపోయింది," అన్నాడు.

"ఎలా?"

"సాఫ్ట్‌వేరుకి మనసు ఉండాలి గాని. అయింది. వడ్డించు."

బెండకాయ వేపుడు అడుగంటుతోందన్న కంగారులో లక్ష్మీకుమారి ఇంకేమీ అడగలేదు. అదే ఆవిడ చేసిన పొరపాటు అనుకుంది తరవాత. నిజానికి అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది గాని, అది అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆదివారం మహేశ్వరరావు స్కూటరు మీద మూడూళ్ళూ తిరిగి, హల్వా డబ్బాలూ పెన్ డ్రైవులూ ఇచ్చి, సాయంత్రం టీ వేళకి ఇల్లు చేరాడు. టీ తాగుతూ అసలు సంగతి విప్పాడు. రెండో సాఫ్ట్‌వేరులో కింద ఒక గడి ఉందట. ‘ఫైలుని ముక్కలు చెయ్యాలా? ఒక్కో ముక్క ఎంత ఉండాలి?’ అని అడుగుతుందట. పాతికేళ్ళ ఉద్యోగంలో ఏ యంత్రమూ తనని ఇంత మంచి ప్రశ్న అడగలేదన్నాడు.

"ఒక్కోటి మూడు వేల ఆరు వందల ఎంబీ. గ్రాము తేడా లేదు. ఒకటో ముక్క అప్పకి, పెద్దావిడ గదా. రెండోది పైడిరాజుకి. మూడోది బాబ్జికి. నాలుగోది మనకి."

లక్ష్మీకుమారి టీ గ్లాసు కింద పెట్టింది. "ముక్క చూసి ఏం చేసుకుంటారండీ?"

"అక్కడే ఉంది కిటుకు. వారానికోసారి మార్చుకుంటారు. అప్ప తన ముక్క చూసేసి నాతవరం పట్టుకెళ్తాది, పైడిరాజు తనది రావికమతం పట్టుకెళ్తాడు. నెల తిరిగేసరికి అందరూ అందరిళ్ళకీ వెళ్ళినట్టవుతాది. ఈ రోజుల్లో రాకపోకలు ఉంటున్నాయా చెప్పు."

ఆయన కళ్ళల్లో నిజమైన సంతోషం ఉంది. దాన్ని చూసి లక్ష్మీకుమారికి ఒక్క క్షణం జాలి వేసింది.

"ఒకటో ముక్కలో ఏముంది?"

"స్నాతకం నుంచి జీలకర్రా బెల్లం దాకా ఉంటాది."

"చూసేరా?"

"చూడ్డం ఏటి, కొలిచేను కదా."

ఆవిడ వెళ్ళి ఇంట్లో ఉంచుకున్న నాలుగో ముక్క కంప్యూటర్‌కి పెట్టి నొక్కింది. ‘మొదటి భాగం కావాలి’ అంది కంప్యూటర్. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే అంది. ఈసారి అసలు వీడియో కోసం వెతికింది. అది ఎక్కడా లేదు.

"అసలుది ఏదండీ?"

"ముక్కలు చేసేక అసలుది ఎందుకు? తీసీసేను. ‘చెత్తబుట్టలో పట్టనంత పెద్దది, పూర్తిగా తీసేయమంటారా’ అని కూడా అడిగింది పాపం. అవునన్నాను."

లక్ష్మీకుమారి ఫొటోగ్రాఫరుకి ఫోన్ చేసింది. "ఆ డిస్కులో ఇప్పుడు పాడేరు పెళ్ళి ఉందమ్మా," అన్నాడతను. "మీది కాపీ అయిపోయింది గదా అని చెరిపేసేను. సారు కూడా సరే అన్నారు."

ఆవిడ వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. "చీరని నాలుగు ముక్కలు కోసి నాలుగిళ్ళకి ఇస్తే, ఏ ఇంట్లోనైనా ఎవరైనా కట్టుకోగలరా?"

"చీర వేరు, వీడియో వేరు."

"వేరే. చీర ముక్కయితే జాకెట్టయినా కుట్టుకుంటారు. ఇది నాలుగూ ఒక్కచోట ఉంటే గాని అసలు తెరుచుకోదు."

మహేశ్వరరావు ఆ మాటని చాలాసేపు ఆలోచించాడు. "అయితే నాలుగూ సమానమే కదా," అన్నాడు చివరికి.

సోమవారం పొద్దున ఏడింటికి పైడిరాజు ఫోన్ చేశాడు.

"అన్నియ్యా, ఇది ఒకటో భాగం ఎట్టమంటంది."

"ఒకటోది అప్ప కాడుందిరా. నీది రెండోది."

"నానెప్పుడూ నీకు రెండోవోణ్ణే కదా అన్నియ్యా," అన్నాడు పైడిరాజు, ఫోన్ పెట్టేశాడు.

ఏడుంపావుకి బాబ్జి చేశాడు. అతనింట్లో కంప్యూటర్ లేదు. పెన్ డ్రైవుని ముందు తను నడిపే ఆటోలో పాటల డబ్బాకి పెట్టి చూశాడు, పాట కూడా రాలేదు. తరవాత తీగ ఒకటి కొని ఫోనుకి తగిలించాడు.

"ఏదో యాప్ ఏసుకోమంది అన్నియ్యా, ఏసేను. ఇప్పుడు నా ఫోనులో ఫొటోలన్నీ డబ్బాల్లోకి ఎల్లిపోనాయి. మాయావిడ ఫొటో నొక్కితే పాస్‌వర్డు అడుగుతంది. అది పక్కనే నిలబడి సూత్తంది."

"నువ్వు పెట్టేవా పాస్‌వర్డు?"

"నానెందుకు ఎడతాను? ఆ యాప్ ఏదో అడుగుతా ఉంటే నోరు మూయించడానికి నాలుగు అంకెలు కొట్టేను."

"ఏ నాలుగు?"

"అదే కదా గేపకం రాట్లేదు."

ఫోను లక్ష్మీకుమారి తీసుకుంది. "బాబ్జీ, నువ్వింకేం నొక్కకు. ఆ ఫోనూ, పెన్ డ్రైవూ, మీ ఆవిణ్ణీ ముగ్గుర్నీ అలాగే జాగ్రత్తగా ఉంచు," అని చెప్పింది.

దుర్గాలక్ష్మి మాత్రం పదిన్నర దాకా చెయ్యలేదు. చేసినప్పుడు గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"మరదలా, భోంచేసేవా?"

"ఇంకా లేదు వదినా."

"నాను కోటవురట్ల నెట్టు సెంటరుకి ఎల్లి వచ్చేను. ఆ అబ్బి సూసి సెప్పేడు. ‘అమ్మా, ఇది ఇరగ్గొట్టిన ముక్క, మిగతావి కావాలి’ అన్నాడు. నాకు ఇరగ్గొట్టింది ఎందుకు పంపేరు మరదలా?"

"అందరికీ అలాంటిదే పంపేరు వదినా."

"సీర పెట్టిన ముక్క ఎవలి కాడుంది?"

"ఏ ముక్కలో ఏముందో ఎవరికీ తెలీదు వదినా. విడిగా ఏదీ తెరుచుకోదు."

"మా తమ్ముడు తెలీకండానే కోసేడా? ముప్పయ్యూళ్ళకి బియ్యం కొలిచినోడు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "నాకు తెలుసు. సీర ఉన్న ముక్క మీ కాడ అట్టే పెట్టుకున్నారు. మంచిది. గురువారం పాలు కూడా మీరే పొంగించీసుకోండి."

ఇది విన్న మహేశ్వరరావు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. పురోహితుడికి చెప్పేశారు. గురువారం తప్పితే మరో రెండు నెలల దాకా ముహూర్తం లేదు. అక్క లేకుండా పాలు పొంగిస్తే ఊళ్ళో అడగనివాడుండడు. అంతకన్నా ముఖ్యంగా, చిన్నప్పుడు నలుగురు పిల్లలున్న ఇంట్లో ఆయనతో సహా అందరికీ సమానంగా అన్నం పెట్టి పెంచింది ఆ అక్కే.

"నేను వెళ్ళి బతిమాలుకుంటాను," అన్నాడు.

"వెళ్ళకండి. మీరు సర్దిచెప్పబోయి ఆవిడ కోపాన్ని కూడా నాలుగు భాగాలు చేస్తారు," అంది లక్ష్మీకుమారి. ఆవిడ మధ్యాహ్నం దాకా ఆగి, తనే కోటవురట్లకి ఫోన్ చేసింది.

"వదినా, ఒక్క మాట. మిగతా ముగ్గురి దగ్గరా ఏ ముక్క ఉన్నా, మీ ఒకటో ముక్క లేకపోతే అసలు మొదలే అవ్వదు. మీరు తెస్తేనే పెళ్ళి."

"నాను తేకపోతే?"

"పెళ్ళే లేదు. కుమారి పెళ్ళయినట్టు ఎవరి దగ్గరా దాఖలా ఉండదు."

దుర్గాలక్ష్మి దీన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అయితే బుధవారం తెత్తాను," అంది. "గడప తొక్కుతానని కాదు. వీధి గదిలో కూకుంటాను. ఆ ముక్క మాత్రం ఎవలి సేతికీ ఇవ్వను."

తరవాత పైడిరాజుకి చేస్తే, అప్ప తెస్తేనే తెస్తానన్నాడు. బాబ్జి, పైడిరాజన్నియ్య తెస్తేనే తెస్తానన్నాడు. ముగ్గురూ ఒకే నిమిషానికి రావాలని తేలింది. అందుకు బుధవారం పది గంటలు ఖాయం చేశారు.

బుధవారం పదింటికి వీధి గది నిండిపోయింది. కంప్యూటర్ అక్కడే ఉండడం వల్ల గడప తొక్కే సమస్య రాలేదు. దుర్గాలక్ష్మి కొంగు ముడి విప్పి, పసుపు అంటుకున్న పెన్ డ్రైవు తీసి, తనే వెళ్ళి కంప్యూటర్‌కి గుచ్చింది. అది కాపీ అవడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆవిడ దాని పక్కనే నిలబడింది. తరవాత పైడిరాజు, తరవాత బాబ్జి. ఈలోగా లక్ష్మీకుమారి బాబ్జి ఫోను తీసుకుని, నాలుగు ఒకట్లు కొట్టి చూసింది. ఫొటోలన్నీ డబ్బాల్లోంచి బయటికి వచ్చాయి. బాబ్జి భార్య చిన్నమ్మలు తన ఫొటో ఒకసారి చూసుకుని, ఫోను తన సంచిలో వేసుకుంది.

నాలుగు ముక్కలూ ఒకే ఫోల్డర్లో చేరాయి. లక్ష్మీకుమారి ఒకటో ముక్క మీద నొక్కింది. కొంత దూరం వెళ్ళి, రెండో భాగం కనబడలేదంది కంప్యూటర్.

"రెండోది అదిగో అక్కడే ఉంది కదా," అన్నాడు మహేశ్వరరావు.

"ఉంది. కాని పేరు మారిపోయింది. ఇది ‘మా అమ్మాయి పెల్లి’ అని ఉంది. ఎవరు మార్చేరు?"

పైడిరాజు గోడకేసి చూశాడు. "పార్టు రెండు అని ఉంటే బాగా అనిపించలేదు వదినా. మా అమ్మాయే కదా అని అలాగ రాసేను."

దుర్గాలక్ష్మి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. లక్ష్మీకుమారి పాత పేరు పెట్టి మళ్ళీ నొక్కింది. ఒకటి అయింది. రెండు అయింది. మూడు, నాలుగు అయ్యాయి. అందరూ కుర్చీలు ముందుకి లాక్కున్నారు. అప్పుడు కంప్యూటర్ కొత్త మాట ఒకటి అడిగింది. ‘అయిదో భాగం పెట్టండి.’

అందరూ ఒకేసారి మహేశ్వరరావు వైపు తిరిగారు.

"అయిదోదా?" అన్నాడు పైడిరాజు. "మనం నలుగురం కదా. అయిదో వాటా ఎవలికిచ్చేవు అన్నియ్యా?"

"అయిదో వాటా లేదురా."

"కంప్యూటరు అబద్ధం ఆడుతందా?" దుర్గాలక్ష్మి నెమ్మదిగా మరదలి వైపు తిరిగింది. "అమ్మా, అయిదోది మీ పుట్టింటికి పంపేరా?"

లక్ష్మీకుమారి అన్న సత్తియ్య మునగపాకలో ఉంటాడు. ఆయనకి పెన్ డ్రైవు అంటే ఏమిటో తెలియదు. అయినా, ఆ ప్రశ్న పడేసరికి లక్ష్మీకుమారికి తన అన్నే ఏదైనా చేశాడేమోనని అరక్షణం అనుమానం వచ్చింది.

"సీర ముక్క ఆ అయిదోదాన్లోనే ఉంటాది," అంది దుర్గాలక్ష్మి. "నాకిప్పుడు అర్థమయ్యింది."

"నాకింకా అవలేదు అప్పా," అన్నాడు బాబ్జి.

"నీకెప్పుడు అయ్యింది గనక," అంది చిన్నమ్మలు.

మహేశ్వరరావు తల గోక్కున్నాడు. "అప్పా, నీ మీద ఒట్టు. నాలుగే వాటాలు. ఒక్కోటీ మూడు వేల ఆరు వందలు. అవి పోగా కాస్త, ఒక నూట పన్నెండు ఎంబీ, తరుగు మిగిలింది. అంతే."

"తరుగేటి?" అంది లక్ష్మీకుమారి.

"తరుగే. లారీ ఎక్కించి దింపేసరికి బస్తాకి ఇంత అని రాలిపోదా? గిడ్డంగి ఊడిస్తే చేటెడు వస్తాది. అది ఎవరికీ ఇవ్వం. నలుగురికి పంచుదామన్నా పంచడానికి లేదు, అంత చిన్నది. తరుగని కొట్టేస్తాం."

"కొట్టేసేరా?"

"కొట్టేసేను."

"అదే అయిదో భాగమండీ," అంది లక్ష్మీకుమారి. అరవలేదు. అరిస్తే బాగుండేదని మహేశ్వరరావుకి అనిపించింది.

పైడిరాజుకి నవ్వొచ్చింది గాని, అప్ప మొహం చూసి మింగేశాడు. దుర్గాలక్ష్మి కుర్చీలో వెనక్కి వాలింది. "అంటే మా కుమారి పెళ్ళి తరుగు కింద పోనాదా?" అంది. ఈసారి గొంతులో కోపం లేదు, మేనత్త మాత్రమే ఉంది. ఆవిడ కూడా ఆ పిల్ల తలంబ్రాలు ఇంకోసారి చూసుకుందామనే కొంగుముడి వేసుకుని వచ్చింది.

లక్ష్మీకుమారి కంప్యూటర్ వైపు తిరిగింది. "పెద్దది పట్టలేదు గాని, చిన్నది చెత్తబుట్టలో పట్టే ఉంటుంది. మీరు చెత్తబుట్ట ఖాళీ చేసేరా?"

"ఛ, ఛ. ఆడిట్ అయ్యేదాకా పారేసిన కాగితం కూడా పారెయ్యకూడదు," అన్నాడు మహేశ్వరరావు. జీవితంలో మొదటిసారి ఆఫీసు వల్ల ఇంటికి లాభం కలిగింది.

సరిగ్గా అప్పుడే, ఉచిత సాఫ్ట్‌వేరుతో చుట్టంలా వచ్చిన చెత్త ఊడ్చేది తెర మీదికి వచ్చి, ‘నూట పన్నెండు ఎంబీల చెత్త ఉంది, ఊడ్చేయనా’ అని అడిగింది. మహేశ్వరరావు మొహమాటంతో మౌస్ వైపు చెయ్యి చాపాడు. లక్ష్మీకుమారి ఆ చెయ్యి తీసి ఆయన ఒళ్ళోనే పెట్టింది. తరవాత చెత్తబుట్ట తెరిచి, అయిదో భాగాన్ని వెనక్కి తీసుకుని, మిగతా నాలుగింటి పక్కన చేర్చింది.

పన్నెండున్నరకి వీడియో తెరుచుకుంది.

నాలుగు గంటల పెళ్ళి. మొదటి పది నిమిషాలూ ఎవరికి వాళ్ళు తెర మీద తమని వెతుక్కున్నారు. కుమారి బుగ్గన చుక్క పెట్టుకుని నవ్వుతోంది. బాబ్జి కనబడిన చోటల్లా తింటున్నాడు. పైడిరాజు కళ్యాణ మండపం ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూస్తున్నాడు. తరవాత దుర్గాలక్ష్మి గొంతు సవరించుకుంది.

"సీర కాడికి పోనీ."

లక్ష్మీకుమారి ధీమాగా ముందుకి జరిపింది. మండపం మీద గౌరీపూజ, చీర లేదు. జీలకర్రా బెల్లం, లేదు. మాంగల్యం, తలంబ్రాలు, అప్పగింతలు. ఎవరెవరికో బట్టలు పెడుతున్నారు. దుర్గాలక్ష్మి ఆ వరసలో లేదు.

"ఇక్కడే ఎక్కడో ఉండాలి," అంది లక్ష్మీకుమారి. ధీమా కొంచెం తగ్గింది.

"భోజనాల కాడికి పోనీ," అంది దుర్గాలక్ష్మి.

భోజనాల హాలు వచ్చింది. మూడో బంతి. కెమెరా బూరెలు వడ్డించేవాణ్ణి పట్టుకుని వెళ్తోంది. ఆ వెనకాల, మూలగా, ఒక చేత్తో సాంబారు బకెట్టు, రెండో చేత్తో ప్లాస్టిక్ కవరు పట్టుకుని లక్ష్మీకుమారి నిలబడి ఉంది. ఎదురుగా చెయ్యి కడుక్కుని వస్తున్న దుర్గాలక్ష్మి. మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"వదినా, ఇది మీ చీర, ఉంచండి. మళ్ళీ ఎక్కడో పెట్టి మర్చిపోతాను. తరవాత మండపం మీద ఇచ్చినట్టు ఒక ఫొటో తీయిద్దాం."

కవరు చేతిలో పడింది. వీడియోలో లక్ష్మీకుమారి బకెట్టుతో వెళ్ళిపోయింది. కవరు వైపు చూస్తూ నిలబడ్డ దుర్గాలక్ష్మి తెర మీద ఇంకా నాలుగు క్షణాలు ఉంది. తరవాత మళ్ళీ బూరెలు వచ్చాయి.

మహేశ్వరరావు ఒకసారి భార్య వైపు, ఒకసారి అక్క వైపు సమానంగా చూశాడు. లక్ష్మీకుమారి కంప్యూటర్ ముందు అలాగే కూర్చుంది. ఫొటో తీయిద్దామనుకున్నది గుర్తుంది. తీయించలేదన్నది నెలరోజులుగా గుర్తులేదు. అనుకున్నదాన్నే జరిగిందని గట్టిగా నమ్మేసి, మూడు రోజులు చెత్తబుట్ట దాకా వెతికి, తన మీద సాక్ష్యాన్ని తనే అతికించి తెచ్చుకుంది.

ఆవిడ కుర్చీ వెనక్కి తిప్పింది.

"తప్పు నాదే వదినా. మండపం మీద ఇవ్వలేదు. సాంబారు బకెట్టుతో ఇచ్చేను. నెల రోజులుగా మీరు చెప్పిందే నిజం."

దుర్గాలక్ష్మి పమిట చెంగు సర్దుకుంది. ఆవిడ మొహంలో గెలిచిన కళ లేదు. నెలరోజుల నుంచి మోస్తున్న బరువు ఎక్కడ దింపాలో తెలియని అయోమయం ఉంది.

"సరేలే. పెళ్ళివోరికి నూట తొంబై పనులు ఉంటాయి," అంది. "రేపు పాలకి గిన్నె నానే తెత్తాను. మీ ఇంట్లో గిన్నెలు సన్నం, అడుగంటుతాయి."

"చూసేవా," అన్నాడు మహేశ్వరరావు మెల్లిగా భార్యతో. "నాలుగిళ్ళూ ఒక్కచోటికి వచ్చేయి. నేనన్నదే కదా జరిగింది."

దుర్గాలక్ష్మి లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది.

"చిన్నమ్మలూ, నీ సంచిలో ఆ ఫోను బాబ్జికి ఇయ్యమ్మా. మరదలా, ఇందాకటి మాట ఇంకోపాలి సెప్పు. నాకీ పక్క సెవి సరిగా ఇనపడదు. బాబ్జీ, నువ్వు తియ్యి."

లక్ష్మీకుమారి మళ్ళీ చెప్పింది. ఈసారి నిలబడి, పైట సర్దుకుని, బకెట్టు సంగతి కూడా వదలకుండా చెప్పింది.

ఆ వీడియో ఇరవై రెండు సెకన్లే ఉండడం వల్ల, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకుండా నాలుగిళ్ళకీ నిమిషంలో పూర్తిగా చేరింది.